పద్యనాటక విమర్శ: యతి, విచ్ఛేదముల భేదము

నెల్లూరునకు తూర్పున సముద్రతీరమందున్న మైపాడులో ఒక రాత్రి మేము పద్యనాటక ప్రదర్శనము చూచితిమి. హార్మోనియము శ్రుతిలో నటుడు పద్యమెత్తుకొని, పాదమధ్యమున ఒకచోట ఆగి, మరల నందుకొనెను. మా వెంట వచ్చిన పరిశోధక విద్యార్థి "యతి దగ్గర ఆపినాడండీ" అనెను. నటుడు ఆగినది యతిస్థానమున గాదు, వాక్యము ముగిసినచోట. ఈ పొరపాటునకు ఆ విద్యార్థి నొక్కనినే తప్పుపట్టజాలము. తొలినాళ్ల వ్రాతలలో మేమును ఇట్లే చేసియున్నాము. ఒకే పారిభాషిక పదము రెండు సంప్రదాయములలో రెండర్థముల నిచ్చుటయే దీనికి మూలము.

సంస్కృత ఛందస్సున యతి యనగా విచ్ఛేదము, అనగా పఠించువాడు ఆగవలసిన చోటు. తెలుగున యతి యనగా వళి. అది పాదాద్యక్షరమునకును నియతస్థానమందలి అక్షరమునకును గల మైత్రి. ఆ స్థానము ఉత్పలమాలకు 10వ అక్షరము, చంపకమాలకు 11వది, శార్దూలమునకు 13వది, మత్తేభమునకు 14వది. అచ్చట పదము విరుగవలెనను నియమము లేదు. పాదాంతమున సైతము తెలుగు పదము విరుగక తరువాతి పాదములోనికి సాగవచ్చును. పేరు నిలిచినది, పని మారినది. 17వ శతాబ్ది నాటి అప్పకవీయము యతిభేదములను ఎంత విస్తరించి చెప్పినను, అది చెప్పినది అక్షరమైత్రినే గాని నటుని ఊపిరిని గాదు.

దృష్టాంతముగా మేమే కూర్చిన ఉత్పలమాల పాద మొకటి:

రాజును నేను, గాని యిది రాజ్యము కాదు, వినంగలేరొకో

ఇందు యతి "రాజ్యము" లోని తొలి యక్షరమున నున్నది. అర్థము ననుసరించి ఆగవలసిన చోట్లు "నేను" తరువాత ఒకటి, "కాదు" తరువాత ఒకటి. యతియే విరామమని నమ్మి "యిది" తరువాత ఆగిన నటుడు ఒకే వాక్యమును రెండుగా చీల్చును. ఆ రాజు నోట వెలువడవలసిన నిస్పృహ అక్కడనే చెడును. విమర్శకుడును అట్లే పొరపడినచో, కవి చూపిన నేర్పును దోషమని వ్రాయగలడు.

మరి ఆ విరామమునకు పేరేమి? క్రొత్తపేరు కల్పింపనక్కరలేదు. నాట్యశాస్త్రము పాఠ్యమునకు ఆరంగములను చెప్పినది: విచ్ఛేదము, అర్పణము, విసర్గము, అనుబంధము, దీపనము, ప్రశమనము. ఆగుట విచ్ఛేదము. ఊపిరి తెగక పదముల నల్లుకొనిపోవుట అనుబంధము. తెలుగువారైన మానవల్లి రామకృష్ణకవిగారు అభినవభారతీ వ్యాఖ్యతో ఈ గ్రంథమును పరిష్కరింపగా, మొదటి సంపుటము 1926లో బరోడా నుండి వెలువడెను. అయినను మన పద్యనాటక విమర్శ అలంకారములను లెక్కించినంతగా ఈ యంగములను వాడుకొనలేదు.

ఈ విచారమునకు నెల్లూరి నాటకరంగము తగిన క్షేత్రము. వేదము వేంకటరాయశాస్త్రిగారు (1853–1929) 1897లో ప్రకటించిన ప్రతాపరుద్రీయ నాటకమున పాత్రోచితభాషను పాటించిరి. సంస్కృత నాటకములలో ఉత్తమపాత్రలకు సంస్కృతమును, ఇతరులకు ప్రాకృతములును ఉన్నట్లే, తెలుగున గ్రాంథికమును గ్రామ్యమును పాత్రలకు పంచి, చాకలి పేరిగానికి వాని వాడుకమాటనే ఇచ్చిరి. 1899లో నెల్లూరున ఆంధ్రభాషాభిమాని సమాజమును స్థాపించిరి. "పాత్రోచితభాష" అను మాట నేటికిని మన విమర్శలో జీవించియున్నది.

కాని ఆ మాట వచనమునకు చాలినంతగా పద్యమునకు చాలదు. పద్యమున గ్రాంథికమే వాడుక యగుటచే రాజును, మంత్రియు, మునియు ఒకే భాష పలుకుదురు. అప్పుడు పాత్రభేదము పదములలో కొంతయే కనబడును. తక్కినది వాక్యము ఎచ్చట తెగినది, ఎచ్చట పాదము దాటి సాగినది అనుదానిలో నుండును. క్రుద్ధుడు పాదమునకు రెండుమార్లు ఆగవచ్చును. బుజ్జగించువాడు పద్యమంతయు ఒకే వాక్యముగా నడపవచ్చును. కావున పాత్రోచితభాషతోపాటు పాత్రోచిత విచ్ఛేదమును గూడ పరిశీలించుట యుక్తము.

పరిశోధక విద్యార్థులు నాటకపద్యములను ఎత్తివ్రాసికొనునపుడు యతికి ఒక గుర్తును, విచ్ఛేదమునకు వేరొక గుర్తును ఉంచుకొనవలెనని మా మనవి. రెండును ఒకేచోట పడిన పద్యమేది, విడిపోయిన పద్యమేది యని చూచినచో కవి నాటకజ్ఞత తెలియును. మైపాడు ఇసుకపై కూర్చుండి వినిన ప్రేక్షకులలో పలువురకు యతిలక్షణము తెలియకపోవచ్చును. నటుడు ఆగినప్పుడు మాత్రము వారందరును నిశ్శబ్దులైరి. ఆ నిశ్శబ్దమునకు సరియైన పేరు పెట్టుట మన పని.