లారా క్రాఫ్టు చిత్రకథలు, ప్రతిమలు: ఒక చారిత్రక పరిశీలనము

కావ్యనాయిక యనగానే యామెను సృజించిన కవి పేరు స్ఫురించుట సాహిత్యలోకమున సహజము. శకుంతల పేరు వినినంతనే కాళిదాసును, వరూధిని పేరు వినినంతనే పెద్దనను స్మరింపని పండితుడుండడు. కవి యెవరో తెలియని నాయికలును కలరు. బాలనాగమ్మ కథ పాటకుల నోట పెరిగినదే కాని యొక్కని ఘంటమునుండి వెలువడినది కాదు. ఈ రెండు తెగలలో దేనికిని చేరని నాయిక యొకతె 1996వ సంవత్సరమున నింగ్లండునందలి డార్బీ నగరమున జనించినది. ఆమె పేరు లారా క్రాఫ్టు. ఆమె పుట్టుక గ్రంథమున గాక యంత్రమున జరిగినది. మొదట నామె కథకు చదువరులు లేరు, ఆడుకొనువారే కలరు. అయినను 1997 మొదలు 2018 వరకు నామె కథ యచ్చుపుస్తకముల రూపమున నమెరికాదేశమున విస్తారముగ వెలువడినది. ఆమె యాకృతి బొమ్మలుగను, ప్రతిమలుగను, ఆటచీట్లుగను దేశదేశముల విక్రయింపబడినది.

ఇట్టివి బాలక్రీడలని త్రోసిపుచ్చుట సులభము. కాని కర్త యొక్కడు కాని కథకు ప్రమాణపాఠ మెట్లేర్పడును? నాయికకు మాట యిచ్చువారెవరు? ఆమె రూపమును విక్రయించువారికిని, ఆమె మనస్సును వ్రాయువారికిని గల సంబంధమేమి? ఈ ప్రశ్నలు సాహిత్యచరిత్రకు సంబంధించినవి. వానికి సమాధానములు ఈ చిత్రకథలయందే, అనగా కామిక్స్ అని వాడుకలో నున్న పుస్తకములయందే, వెదకవలసియున్నది.

జన్మవృత్తాంతము

డార్బీ నగరమునందలి కోర్ డిజైన్ అను సంస్థలో టోబీ గార్డ్ అను చిత్రకారుడు ఈ పాత్రను కల్పించెను. ప్రాచీనసమాధులను, శిథిలాలయములను చొచ్చి యందలి వస్తువులను వెలికితెచ్చు సాహసి యొక్కడు కథానాయకుడుగా నుండవలెనని మొదట తలపోయబడెను. తరువాత నా స్థానమున స్త్రీ నిలిచెను. తొలుత లారా క్రూజ్ అని యుండిన పేరు ఆంగ్లేయనామముగ మార్పబడి లారా క్రాఫ్టయినది. ఈడాస్ సంస్థ 1996లో ప్రకటించిన ఆ వీడియో ఆటకు ‘టూంబ్ రైడర్’ అని పేరు. సమాధులపై దాడి చేయునది యని దాని భావము.

ఆట యఖండమైన ప్రసిద్ధిని గాంచెను. 1997 జూన్ నెలలో ‘ది ఫేస్’ అను బ్రిటిషు పత్రిక యామె బొమ్మను ముఖపత్రమున ముద్రించెను. వ్యాపారప్రకటనలలో నామె యాకృతికే ప్రాధాన్య మిచ్చుట గార్డునకు సమ్మతము కాలేదు. ఆతడు 1997లోనే ఆ సంస్థను విడిచెను. ఇట్లు తొలికర్త దూరమయ్యెను. పాత్ర మాత్రము సంస్థ సొత్తుగ నిలిచెను. తరువాతి చరిత్ర కంతటికి నిదియే మూలము.

పాఠభేదములు

మహాభారతమున కుత్తర దక్షిణ పాఠము లున్నట్లు, లారా బాల్యకథకును పలు పాఠములు కలవు. 1996నాటి యాటతో వచ్చిన పుస్తకము ననుసరించి యామె హెన్‌షింగ్లీ క్రాఫ్టు ప్రభువు కుమార్తె. హిమాలయములలో విమానము కూలగా నామె యొక్కతెయే బ్రదికి బయటపడెను. ఆ యనుభవముచే బ్రదుకు తెరవు మారగా, సుఖజీవనమును విడిచి సాహసయాత్రలకు బూనుకొనెను, తలిదండ్రులు విముఖులైరి. ఆట 2003లో డార్బీ సంస్థ చేతినుండి కాలిఫోర్నియాలోని క్రిస్టల్ డైనమిక్స్ సంస్థకు మారిన పిమ్మట, 2006నాటి ‘లెజెండ్’ అను ఆటలో తండ్రి పేరు రిచర్డయ్యెను; ఆతడు పురాతత్త్వజ్ఞుడుగ వర్ణింపబడెను. విమానప్రమాదానంతరము నేపాలమున అదృశ్యమైన తల్లి యమీలియాను వెదకుటయే యచట నాయికకు ప్రేరణ. 2013నాటి ఆటలో నీ కథయు మారెను. అందు లారా యనుభవము లేని యువతి. ఆమె యెక్కిన యోడ జపాను సమీపమునందలి యమతై యను కల్పితద్వీపమువద్ద భగ్నమగును. తోడివారిని కాపాడుకొనుటలోనే యామె సాహసి యగును.

మొదటి పాఠమున సాహస మామె రుచి. రెండవదాన నది పితృకార్యము. మూడవదాన నది యాపద్ధర్మము. ఈ భేదములు లేఖకుల ప్రమాదములు కావు. పాత్రపై హక్కు గలవారును, పాత్రను చేపట్టినవారును మారినపుడెల్ల పాఠము బుద్ధిపూర్వకముగ మార్పబడినది. చిత్రకథలలోను నీ విభజన స్పష్టముగ కానవచ్చుచున్నది.

టాప్ కౌ పాఠము

మార్క్ సిల్వెస్ట్రి స్థాపించిన టాప్ కౌ యను అమెరికా ప్రచురణసంస్థ ఈ నాయికను మొదట అచ్చులోనికి తెచ్చెను. 1997 డిసెంబరులో మైకేల్ టర్నర్ రచించి చిత్రించిన ప్రత్యేకసంచికలో లారా, ఆ సంస్థయొక్క సొంత నాయికయగు ‘విచ్‌బ్లేడ్’ తో గలిసి కనబడెను. విచ్‌బ్లేడ్ కథానాయిక న్యూయార్కు నగరపు పోలీసు ఉద్యోగిని. మహిమ గల హస్తకవచమును ధరించునది. క్రొత్తగా వచ్చిన పాత్రను పాతపాత్ర ప్రక్కన నిలిపి చదువరులకు పరిచయము చేయుట ఆ దేశపు చిత్రకథలలో వాడుక.

1999 డిసెంబరున లారా పేరనే ప్రత్యేకమాల ప్రారంభమయ్యెను. రచయిత డాన్ జర్గెన్స్. ఈతడు 1992లో సూపర్‌మాన్ మరణకథను నడిపినవారిలో ముఖ్యుడు. చిత్రకారుడు ఆండీ పార్క్. ఈ మాల 2005 వరకు సాగి 50 సంచికలతో ముగిసెను. ఫియోనా ఏవరీ రచించిన ‘జర్నీస్’ అను పండ్రెండు సంచికల యుపమాల 2001లో మొదలయ్యెను. ఫ్రాన్సులో గ్లేనా సంస్థ 1999లో ‘డార్క్ ఈయన్స్’ అను చిత్రకథాగ్రంథమును ప్రకటించెను.

ఆటను చిత్రకథగ మార్చుటలో నొక చిక్కు కలదు. ఆటలో నాయికను వెనుకనుండి చూతుము. ఆమె దూకుట, ప్రాకుట, పడుట యన్నియు ఆడువాని వ్రేళ్ల యధీనములు. ఆమె మితభాషిణి. కొండపైనుండి పడి మరణించినను ఆట మరల మొదలగును. కావున నచట మరణమునకు శోకము లేదు. అచ్చుపుటలో నిది చెల్లదు. పుటలోని నాయికకు ముఖము కావలెను, మాట కావలెను, ఎదుట మాటలాడు వ్యక్తి కావలెను. అందువలన జర్గెన్స్ తొలి నాలుగు సంచికలలోని ‘మెడూసా ముసుగు’ కథలో చేజ్ కార్వర్ అను పూర్వస్నేహితుని కల్పించెను. ఆటలో కానరాని స్నేహము, వైరము, జ్ఞాపకము అను మూడును చిత్రకథల ద్వారా నాయిక కలవడినవి. సాహిత్యదృష్టిచే టాప్ కౌ పాఠము చేసిన యుపకార మిదియే.

ముఖచిత్రములు, విక్రయము

టాప్ కౌ మాలయొక్క మొదటి సంచిక 1999వ సంవత్సరపు అమెరికా చిత్రకథావిక్రయములలో నగ్రస్థాన మలంకరించెను. ఈ మాటను యథాతథముగ గ్రహింపరాదు. ఆ దేశమున ప్రత్యేకవిక్రయశాలలు సంచికలను ముందుగా కోరి కొనును. అమ్ముడుపోని ప్రతులను తిరిగి యిచ్చు నధికారము సామాన్యముగ వానికి లేదు. కాన లెక్కకు వచ్చునది దుకాణములు కొనిన సంఖ్యయే గాని చదువరులు కొనిన సంఖ్య గాదు. మరియు నా సంచిక పలు ముఖచిత్రములతో వెలువడెను. లోపలి కథ యొక్కటియే యైనను, అన్ని ముఖచిత్రములను కూర్చుకొనగోరు సంగ్రాహకుడు పెక్కు ప్రతులను కొనును. అందుచే విక్రయసంఖ్య పాఠకసంఖ్యకు సాక్ష్యము కానేరదు.

ఈ వ్యాపారరీతి కథపై ప్రభావము చూపకపోలేదు. ముఖచిత్రమునకై పుస్తకమును కొనువాని కొరకు ముఖచిత్రమునందే శ్రద్ధ హెచ్చును. ఈ మాలయొక్క చివరిభాగమున ఆడమ్ హ్యూస్ వ్రాసిన ముఖచిత్రములు చిత్రరచనాకౌశలమున మిగుల ప్రశస్తములు. నేటికిని సంగ్రాహకులు వానిని వేరుగా వెదకి కొనుచున్నారు. లోపలి కథ నంతగా వెదకువారు తక్కువ.

2000వ సంవత్సరమున సీజీసీ యను సంస్థ యొక క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇది పుస్తకముయొక్క స్థితిని పరీక్షించి, పదికి నిన్ని పాళ్లని నిర్ణయించి, దానిని గట్టి ప్లాస్టికు పేటికలో ముద్రవేసి బంధించును. పేటిక తెరచినచో నిర్ణయము చెల్లదు. అనగా విలువ నిలువవలెనన్నచో పుస్తకము చదువబడరాదు. మూతపడిన సమాధులను తెరచుటయే వృత్తిగా గల నాయిక కథలు ఈ విధముగ మూతపడిన పేటికలలో చేరినవి.

ప్రతిమలు, ఆటచీట్లు

ప్రెసిడెన్స్ సంస్థ 1999లో టూంబ్ రైడర్ ఆటచీట్లను ప్రకటించెను. ఇవి పేకముక్కలవలె గట్టులుగ గాక, లోపల నేవి యున్నవో తెలియని చిన్న పొట్లములుగ నమ్మబడు జాతివి. కొన్ని చీట్లు బుద్ధిపూర్వకముగ నరుదుగ ముద్రింపబడును. ప్లేమేట్స్ సంస్థ ఆటలోని వేర్వేరు వేషములతో కీళ్లుగల బొమ్మలను చేసెను. 2001లో ఆంజెలీనా జోలీ నటించిన చలనచిత్రము వెలువడినపుడు ఆమె ముఖముతోను చేసెను. 2009లో ఈడాస్ సంస్థను కొనిన జపాను సంస్థ స్క్వేర్ ఎనిక్స్, 2013నాటి నాయికను తన ప్లే ఆర్ట్స్ కై యను శ్రేణిలో చేర్చెను. ఆట జన్మించి యిరువదియేండ్లు నిండిన 2016వ సంవత్సరపు సందర్భమున గేమింగ్ హెడ్స్ వారు పరిమితసంఖ్యలో, ఒక్కొక్క ప్రతిమకు వరుస సంఖ్య వేసి, ప్రతిమలను విడుదల చేసిరి.

చరిత్రకారునకు ఈ బొమ్మలు శాసనములవలె నుపకరించును. 1990 దశకపు బొమ్మలయందు రెండు తుపాకులు, బిగుతైన చొక్కా, కొలతకు మించిన యవయవములు ప్రధానములు. 2013 తరువాతి బొమ్మలలో విల్లు చేతికి వచ్చెను. గాయములు, కట్లు, మట్టిమరకలు శిల్పమున స్థానము సంపాదించెను. పాఠభేద మెప్పుడు జరిగినదో చెప్పుటకు గ్రంథముతో పని లేదు. బొమ్మ చేతిలోని యాయుధమే చెప్పును.

డార్క్ హార్స్ పాఠము

2013నాటికి ప్రచురణహక్కు ఓరిగన్ రాష్ట్రమునందలి డార్క్ హార్స్ సంస్థకు లభించెను. 2013నాటి ఆటకు ముఖ్యరచయిత్రియైన రియానా ప్రాచెట్, ఆ కథకు పూర్వరంగముగ ‘ది బిగినింగ్’ అను పుస్తకమును రచించెను. 2014 ఫిబ్రవరిలో గెయిల్ సిమోన్ రచనతో క్రొత్తమాల మొదలయ్యెను. కొన్ని సంచికల పిమ్మట ప్రాచెట్ ఆమెతో చేరెను. 18 సంచికలతో నది 2015లో ముగిసెను. అదే సంవత్సరమున కొరీనా బెక్కో ‘ఫ్రోజెన్ ఓమెన్’ కథను, 2016లో మారికో తమాకి పండ్రెండు సంచికల మరియొక మాలను రచించిరి. 2018నాటి ‘ఇన్ఫెర్నో’ తో ఈ పరంపర ముగిసినది.

ఇందలి విశేషము రచయిత్రుల సంఖ్యయే కాదు. టాప్ కౌ మాల ప్రారంభమైన 1999లోనే గెయిల్ సిమోన్ చిత్రకథలలో హింసకును, మరణమునకును గురియైన స్త్రీపాత్రల పట్టిక నొకదానిని ప్రకటించి, పురుషనాయకుని కోపమునకు కారణము కల్పించుటకై స్త్రీపాత్రలు బలి యగుచున్నవని చర్చ లేవదీసెను. ఆ విమర్శకురాలికే పదునైదేండ్లకు లారా కథను నడుపు బాధ్యత యబ్బెను. ఆమె తొలికథలో యమతై ద్వీపమునుండి బ్రదికి వచ్చినవారు ఆ ద్వీపపు భీతిని మరువలేకున్నారు. లారాకు నిధి గాదు, మిత్రుల ప్రాణములే లక్ష్యము. ఆటలో నొక్క మీట నొక్కినంత చెరిగిపోవు మరణము ఇచ్చట స్మృతియై వెంటాడుచున్నది. టాప్ కౌ పాఠము నాయికకు మాట యిచ్చినదనిన, డార్క్ హార్స్ పాఠ మామెకు భయము నిచ్చినది. భయము లేనిచో ధైర్యమునకు విలువ లేదు గదా.

పురావస్తువుల ప్రశ్న

భారతీయపాఠకు డొక విషయమును విస్మరింపజాలడు. 1998నాటి మూడవ ఆట భారతదేశపు అడవులలోనే ప్రారంభమగును. అందు శిథిలాలయమునందలి బహుభుజ విగ్రహములు సజీవములై కత్తులు దూయును. నాయిక వానిని కూల్చి మణిని కైకొనును. ఆంగ్లప్రభువంశమున పుట్టిన యువతి పరదేశపు గుడిలోని వస్తువును గొనిపోవుట యిచ్చట వినోదము. అమరావతీస్తూపపు శిలాఫలకములు 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వింపగా, 1859లో లండను చేరి, 1880లో బ్రిటిషు మ్యూజియమున ప్రవేశించిన చరిత్ర నెరిగిన యాంధ్రుల కిది వినోదమాత్రముగ తోచదు. కాలక్రమమున కథకులకును నీ సందేహము కలిగినది. 2018నాటి ‘షాడో’ అను ఆటలో నాయిక పవిత్రవస్తువును తీసినందువలననే మహాప్రళయము ప్రారంభమగును. తన తప్పిదమును దిద్దుకొనుటయే కథ. నిధి దక్కుటతో ముగియు కథ నిధిని తీయుటవలని దోషముతో మొదలగు కథగ మారుటకు రెండు దశాబ్దములు పట్టెను.

ఉపసంహారము

డార్బీ నగరమున నొక రహదారికి 2010లో ప్రజల యభిప్రాయము ననుసరించి లారా క్రాఫ్టు పేరు పెట్టబడెను. ఓటు వేసినవారిలో నూటికి 89 మంది యా పేరును కోరిరి. పాత్రపై హక్కు మాత్రము 2022లో స్వీడను దేశపు ఎంబ్రేసర్ సంస్థ చేతికి పోయెను. జన్మస్థలమునకు పేరును, ధనమునకు పాత్రయు మిగిలినవి.

ఈ పరిస్థితిలో పూర్వపాఠముల గతి యేమగును? క్రొత్త యధికారి పాతకథను చెల్లదనవచ్చును. కాని యచ్చయిన పుస్తకము నశింపదు. డార్క్ హార్స్ సంస్థ తన పాఠమునకు విరుద్ధమైన టాప్ కౌ సంచికలను సైతము 2016 మొదలు సంపుటములుగ కూర్చి పునర్ముద్రించుట యీ విషయమున మెచ్చదగిన పని. ఒక పాఠమును ప్రమాణముగ గైకొని తక్కిన పాఠముల నధస్సూచికలలో నిలుపు సంస్కర్తల పద్ధతి కిది చేరువ. ముద్రవేసిన పేటికలో నున్న తొలిసంచికకు వెల హెచ్చు. విప్పి చదువదగిన పునర్ముద్రణమునకు వెల తక్కువ. సంగ్రాహకునకు మొదటిది నిధి కావచ్చును. నాయిక యేమి పలికెనో, ఏమి భయపడెనో, ఏల మారెనో తెలిసికొనగోరు చరిత్రకారునకు రెండవదియే నిధి.