లారీ ఎక్కని సరుకు

మా నాన్న జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తాగా ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. బకెట్లు, మగ్గులు, బిందెలు. ఇంటికొచ్చి చెప్పే కబుర్లలో బకెట్ ఎంత గట్టిదో, రంగెంత బావుందో ఒక్క ముక్క ఉండేది కాదు. ఫలానా లారీ రాలేదు, ఫలానా డీలరు చెక్కు వెనక్కొచ్చింది, గోడౌన్లో ఇన్ని కట్టలు మూలుగుతున్నాయి, ఇదే గోల. "లారీ ఎక్కితేనేరా సరుకు. ఎక్కనంతసేపూ అది అడ్డం" అనేవాడు. చిన్నప్పుడు నాకిది శుద్ధ చాదస్తంగా అనిపించేది.

ఈ మాటకీ, 1971లో అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టిన ఒక రాక్ బ్యాండుకీ ఏవిటి సంబంధం అంటారా? అక్కడికే వస్తున్నా.

2007లో నేను షాపూర్‌నగర్‌లో కంపెనీ బస్సెక్కి హైటెక్ సిటీకి వెళ్ళేవాణ్ణి. బాలానగర్ చౌరస్తాలో ఫ్లైఓవర్ 2021లో వచ్చింది గానీ, అప్పుడు మాకు ఆ చౌరస్తా ఒక స్టేషనే. బండి కదిలేది కాదు. పక్క సీటు మా టీములో సీనియర్‌ది, ఆన్‌సైట్ నుంచి కొత్తగా తిరిగొచ్చాడు. ఒకరోజు విసుగెత్తి తన ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో పెట్టి "ఇది విను గురూ" అన్నాడు. 'బిగ్ స్టార్, స్మాల్ వరల్డ్'. 2006లో విడుదలైన ట్రిబ్యూట్ ఆల్బమ్. రకరకాల బ్యాండ్లు కలిసి బిగ్ స్టార్ అనే పాత బ్యాండు పాటలు మళ్ళీ పాడి ఇచ్చిన నివాళి. అసలు బ్యాండు పేరే నేను వినలేదు. గోడ మీద ఫొటోకి వేసిన దండ చూసి, ఇంతకీ లోపలున్న మనిషెవరండీ అని అడిగినట్టుంది నా పరిస్థితి. అడిగాను. బాలానగర్ నుంచి కూకట్‌పల్లి దాకా చెప్పాడు. మిగతాది తర్వాత నేనే వెతుక్కుని చదువుకున్నా.

అలెక్స్ చిల్టన్ అనే కుర్రాడు పదహారేళ్ళకే 1967లో బాక్స్ టాప్స్ బ్యాండుతో 'ద లెటర్' పాడాడు. రెండు నిమిషాలు కూడా లేని ఆ పాట అమెరికాలో నంబర్ వన్. అప్పుడే అన్నీ చూసేసిన ఈ కుర్రాడు సొంతూరు మెంఫిస్‌లో క్రిస్ బెల్, ఆండీ హమ్మెల్, జోడీ స్టీఫెన్స్‌లతో కలిశాడు. రికార్డింగు జాన్ ఫ్రై అనే ఆయన ఆర్డెంట్ స్టూడియోలో. ఎదురుగా 'బిగ్ స్టార్' అని ఒక సూపర్‌మార్కెట్ ఉండేది. పేరు వెతుక్కోలేక దాని బోర్డే పెట్టేసుకున్నారు. మన కుర్రాళ్ళు కూకట్‌పల్లిలో బ్యాండు పెట్టి, ఎదురుగా కనబడిన 'విజేత' సూపర్‌మార్కెట్ పేరు తగిలించుకున్నట్టన్నమాట. పైగా మొదటి ఆల్బమ్ పేరు 'నంబర్ వన్ రికార్డ్'. ఎంత ధీమా చూడండి!

1972లో వచ్చిన ఆ రికార్డుని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు. బిల్‌బోర్డ్ పత్రికైతే ఇందులో ప్రతి పాటా సింగిల్‌గా వేసుకోవచ్చు అన్నంత మెచ్చుకుంది. అమ్ముడుపోయినవి పదివేల లోపు.

ఎందుకంటే లారీ రాలేదు. ఆర్డెంట్ చిన్న లేబుల్, దాని సరుకు కొట్లకి చేర్చాల్సింది స్టాక్స్ అనే కంపెనీ. స్టాక్స్ బలమంతా సోల్ సంగీతంలో. వాళ్ళకి తెలిసిన కొట్లు వేరు, తెలిసిన రేడియో స్టేషన్లు వేరు. గిటార్లు వాయించే తెల్ల కుర్రాళ్ళ పాటల్ని ఎవరికి అమ్మాలో అక్కడ ఎవరికీ సరిగ్గా తెలియదు. రేడియోలో పాట విని కొట్టుకెళ్ళిన వాడికి రికార్డు ఉండేది కాదు. ఇంతలో ఆ 1972లోనే స్టాక్స్ తన పంపిణీ మొత్తం కొలంబియా చేతిలో పెట్టింది. కొలంబియా అంటే దేశమంతా గోడౌన్లున్న మహా కంపెనీ, ఇక కష్టాలు తీరినట్టే అనుకుంటాం కదా? 1973లో ఆ ఒప్పందం కుదిర్చిన క్లైవ్ డేవిస్‌ని కొలంబియా ఉద్యోగంలోంచి తీసేసింది. తర్వాత వచ్చినవాళ్ళకి స్టాక్స్ మీద మోజు లేదు. 1974లో రెండో ఆల్బమ్ 'రేడియో సిటీ' వచ్చేసరికి పై కంపెనీ, కింది కంపెనీ కీచులాటలో పడి ఉన్నాయి. అది ఇరవైవేలు అమ్మింది. 1975 డిసెంబరులో స్టాక్స్ దివాలా తీసింది.

ఐటీలో ఉన్నవాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. మేం ఆరుగురం పధ్నాలుగు నెలలు రాసిన ఒక టూలు ఉండేది. రిలీజుకి వారం ఉందనగా క్లయింటు కంపెనీని ఇంకో కంపెనీ కొనేసింది. కొత్త యాజమాన్యానికి అలాంటి టూలు ఇంకోటి ఉందిట. పావుగంట కాన్ఫరెన్స్ కాల్‌లో అయిపోయింది. బగ్ వల్ల పోతే ఏడ్చి సరిపెట్టుకోవచ్చు, ఏ బగ్గూ లేకుండా పోతే ఏం చేస్తాం? బస్సులో నాకు బిగ్ స్టార్ కథ చెప్పినాయనే ఆ టూలుకి లీడ్. ఆర్నెల్లలో ఉద్యోగం మానేశాడు.

వీళ్ళ సంగతీ అంతే. మొదటి రికార్డుకి ప్రాణం పెట్టిన క్రిస్ బెల్ 1972 చివర్లోనే బ్యాండు వదిలేశాడు. 1973 మే నెలలో రాక్ విమర్శకులందర్నీ మెంఫిస్‌కి పిలిచి ఒక సభ పెడితే, మిగిలిన ముగ్గురూ వాయించారు. అంత పెద్దమనుషులూ లేచి డాన్సులాడారట. తర్వాత ఇరవయ్యేళ్ళు ఈ బ్యాండు పేరు బతికిందంటే ఆ రాత్రి ఊగిపోయిన జనం రాతల పుణ్యమే చాలావరకు. హమ్మెల్ రెండో రికార్డు అవగానే, ఇది కూడు పెట్టేది కాదని చదువు పూర్తి చేసుకోడానికి వెళ్ళిపోయాడు. చివరికి టెక్సాస్‌లో లాక్‌హీడ్ మార్టిన్‌లో ఉద్యోగం! మూడో ఆల్బమ్ 1974లో తయారై, తీసుకునే నాథుడు లేక 1978 దాకా పడుంది. దానికి పేరు కూడా ఖాయం కాలేదు. కొందరు 'థర్డ్' అంటారు, కొందరు 'సిస్టర్ లవర్స్' అంటారు.

ఆ 1978లోనే క్రిస్ స్టేమీ అనే సంగీతకారుడు తన చిన్న లేబుల్ మీద బెల్ పాట 'ఐ యామ్ ద కాస్మోస్' సింగిల్‌గా వేశాడు. బెల్ అప్పటికి నాన్నగారి హోటల్లో పనిచేస్తున్నాడు. ఆ డిసెంబరు 27న కారు కరెంటు స్తంభాన్ని గుద్దుకుని పోయాడు. ఇరవై ఏడేళ్ళు. చిల్టన్ 1980ల మొదట్లో న్యూ ఆర్లీన్స్‌లో హోటల్లో గిన్నెలు కడిగాడు.

అయితే రికార్డులు కొన్నవాళ్ళు తక్కువే గానీ, వాళ్ళలో బ్యాండ్లు పెట్టినవాళ్ళు చాలామంది. 1984లో దిస్ మోర్టల్ కాయిల్ 'థర్డ్'లోంచి రెండు పాటలు తీసుకుంది. 1986లో బ్యాంగిల్స్ తమ హిట్ ఆల్బమ్‌లో 'సెప్టెంబర్ గర్ల్స్' పాడారు. 1987లో రీప్లేస్‌మెంట్స్ ఏకంగా 'అలెక్స్ చిల్టన్' పేరుతోనే పాట కట్టారు. 'దట్ సెవెంటీస్ షో' సీరియల్ టైటిల్ పాట కూడా వీళ్ళ 'ఇన్ ద స్ట్రీట్'కి రూపాంతరమే. ఆ సీరియల్ చూసినవాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

ఇంత అభిమానం పోగయ్యాక ట్రిబ్యూట్ ఆల్బమ్ కట్టారు. విల్కో, మాథ్యూ స్వీట్, ఆఫ్గన్ విగ్స్, విస్కీటౌన్, జిన్ బ్లాసమ్స్... అందరూ అప్పట్లో పేరున్నవాళ్ళే. 1993లో మళ్ళీ కలిసిన బిగ్ స్టార్ కూడా ఒక కొత్త పాట ఇచ్చింది. 1998లో రావాలి.

విడుదల చేయాల్సిన లేబుల్ మూతపడింది!

అవునండీ. పంపిణీ లేక పోయిన బ్యాండుకి నివాళిగా చేసిన సరుకు కూడా గోడౌన్లో ఎనిమిదేళ్ళు కూర్చుంది. 2006లో వేరే కంపెనీ ద్వారా బయటికొచ్చేసరికి విస్కీటౌన్ లేదు, ఆఫ్గన్ విగ్స్ విడిపోయారు. నివాళి పాడినవాళ్ళే గతమైపోయారు. నాన్నకి ఈ సంగతి చెప్తే పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఆ డీలరు అడ్వాన్సు ఇచ్చాడా?" అని అడిగాడు.

ఇక నా అభిప్రాయం. ఆల్బమ్‌గా అది అంత గొప్పదేం కాదు. ఎక్కువమంది అసలు పాటని భయభక్తులతో, ఎక్కడా చెయ్యి జారకుండా దించేశారు. గుళ్ళో తీర్థం పుచ్చుకున్నట్టు పాడితే రాక్ సంగీతం ఏమవుతుంది? విల్కో పాడిన 'థర్టీన్' మాత్రం బావుంటుంది. కానీ ఆ పాట ఎవరు పాడినా బావుంటుందేమో అని నా అనుమానం.

మన 'ఖలేజా' గుర్తొస్తుంది. 2010లో హాళ్ళలో ఆడలేదు, టీవీలో వేసి వేసి జనానికి డైలాగులు నోటికొచ్చేశాయి, 2025లో మళ్ళీ వేస్తే హాళ్ళు నిండిపోయాయి. అయితే ఆ ఈలలు వినడానికి తీసినవాళ్ళూ నటించినవాళ్ళూ ఉన్నారు. బెల్ సొంత పాటల ఆల్బమ్ 1992లో బయటికొచ్చింది, అతను పోయిన పద్నాలుగేళ్ళకి. చిల్టన్ 2010 మార్చి 17న గుండెపోటుతో పోయాడు. అంతకుముందు వారంలోనే ఆయాసం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోవడం అందుకు ఒక కారణమని భార్య చెప్పింది. మూడు రోజుల్లో ఆస్టిన్‌లో బిగ్ స్టార్ కచేరీ ఉండింది, దాన్నే సంస్మరణ సభగా జరిపేశారు. ఆ జులైలోనే హమ్మెల్ కూడా పోయాడు. నలుగురిలో మిగిలింది డ్రమ్స్ వాయించే స్టీఫెన్స్ ఒక్కడే. 1987 నుంచి అదే ఆర్డెంట్ స్టూడియోలో ఉద్యోగం చేసుకుంటూ వచ్చాడు.

నాకు నచ్చిన నివాళి వేరే ఉంది. బెల్ సింగిల్ వేసిన స్టేమీయే 2010 నుంచి స్టీఫెన్స్‌ని వెంటబెట్టుకుని, ఎవరూ వద్దన్న ఆ మూడో ఆల్బమ్‌ని తీగవాద్యాలతో సహా మొత్తం వేదికల మీద వాయించాడు. 2017లో 'థాంక్యూ ఫ్రెండ్స్' పేరుతో సినిమాగా, ఆల్బమ్‌గా వచ్చింది. ఇందులో భయం లేదు. పాటలు తప్పిపోతే పోనీ అన్నట్టు పాడారు.

పాటకున్న సుఖం అదే, ఎవడైనా తీసుకుని పాడొచ్చు. మా టూలు కోడ్ క్లయింటుది. ఒక్క ఫైలు మా దగ్గర లేదు, ఉంటే నేరం. దాని గురించి ఇప్పటికీ మాట్లాడుకునేది మా ఆరుగురిలో ఇద్దరమే.

వినాలనిపిస్తే ట్రిబ్యూట్ ఆల్బమ్‌తో మొదలెట్టకండి. నేను చేసిన పొరపాటు మీరెందుకు చెయ్యడం. 'రేడియో సిటీ' పెట్టండి, ముప్పావుగంట కూడా ఉండదు. షాపూర్‌నగర్‌లో మొదలెడితే కూకట్‌పల్లి దాటేలోపు అయిపోతుంది. ఫ్లైఓవర్ వచ్చాక ఇంకాస్త తరువాతే అవుతోంది లెండి.