నైజరు నదీముఖాన్వేషణము

పశ్చిమాఫ్రికాలోని నదులలో నైజరు మిక్కిలి పెద్దది. దీని పొడవు సుమారు 4,180 కిలోమీటర్లు. గినీ దేశపుటున్నతభూములలో, అట్లాంటిక్ మహాసముద్రమునకు 240 కిలోమీటర్ల దూరమున నిది పుట్టుచున్నది. అయినను సమీపమున నున్న యా సముద్రమునకు విముఖమై, యీశాన్యముగా సహారా యెడారి యంచువఱకుఁ బాఱి, టింబక్టూకుఁ దూర్పున వంపు తిరిగి, యాగ్నేయముగా మరలి, బెన్యూ నదిని గలుపుకొని, గినీ సింధుశాఖలోఁ బెక్కు పాయలుగాఁ బడుచున్నది. ఈ వక్రగతి రెండువేల యేండ్లకుఁ బైగా విద్వాంసులను భ్రమపెట్టినది. నదిమీఁద బ్రదికినవారు భాగభాగములుగా నెఱిఁగిన దానిని, దూరమునఁ గూర్చుండి పటములు వ్రాసినవారు పెక్కుకాల మెఱుఁగకపోవుటయే యీ చరిత్రలోని సారము.

మొదట నివి రెండు నదులని భూతత్త్వజ్ఞుల యభిప్రాయము. ఎగువనది టింబక్టూ ప్రాంతమున లోతట్టు సరస్సులోఁ బడుచుండఁగా, దిగువనది సహారా కొండలనుండి దక్షిణమునకుఁ బాఱుచుండెననియుఁ, దరువాత నవి యొక్కటైనవనియుఁ జెప్పుదురు. నేఁటికిని మాలీ దేశమున సేగూ పట్టణము దాఁటినపిమ్మట నది పాయలై, చెఱువులై, లోనాటి డెల్టాగా విశాలముగాఁ బఱచుకొనును. అచ్చటఁ జాలనీరు ఆవిరియైపోవును. ఎగువ సెప్టెంబరులో నిండిన వఱద యా పల్లములలో నిలిచి నిలిచి, టింబక్టూను డిసెంబరు ప్రాంతమునను, నియామేను జనవరి ఫిబ్రవరులలోను జేరును. అనఁగా వానలు వెలిసి నేల యెండిన దినములలో నచట నది పొంగును.

ఈ నదిని మాండింకలు జోలిబా యనియు, సొంఘాయీలు ‘పెద్ద యేఱు’ అను నర్థమున ఈసా బేర్ అనియు, దిగువవారు క్వారా యనియుఁ బిలిచిరి. పేరు మాఱినచోట నది మాఱెనని పరదేశులు తలఁచుటకు నిదియు నొక కారణము. బోజో, సోమోనో, సోర్కో జాతుల పడవవాండ్రకుఁ దమతమ భాగములందలి యిసుకతిప్పలును వఱదకాలములును గరతలామలకములు. వారి పడవలమీఁదనే జెన్నే ధాన్యము టింబక్టూకును, సహారా యుప్పు జెన్నేకును నడచెను.

క్రీ. పూ. 5వ శతాబ్దమున హెరొడోటసు, ఎడారి దాఁటిన యువకులు కొందఱు మొసళ్లుగల నది యొకటి తూర్పునకుఁ బాఱుటఁ జూచిరని విని, యది నీలనదియే యని యూహించెను. 1154లో ముగించిన గ్రంథమున ఇద్రీసీ యీ నది పడమటి సముద్రమునఁ గలియుననెను. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువున న్యాయాధికారిగా నుండిన ఇబన్ బతూతా 1352లో మాలీ రాజ్యమునకుఁ బయనమై, పిమ్మట టింబక్టూనుండి గావోకు దోనెపైఁ బోయెను. ప్రవాహదిశను సరిగా నెఱిఁగియు నతఁడు దీనిని నీలనదిగానే యెంచెను. 1550లో ప్రకటితమైన గ్రంథమున లియో ఆఫ్రికానసు, టింబక్టూనుండి పడమటికిఁ బ్రవాహము వెంటఁ బోయితిననెను. ఇది నిజమునకు విరుద్ధము. అయినను ఐరోపా పండితులలోఁ బెక్కండ్రు చిరకాలము దీనినే నమ్మిరి.

1788లో లండనున నేర్పడిన ఆఫ్రికా సంఘమువారు పంపిన మంగో పార్కు, 1796 జూలైలో సేగూకడ నదిని జూచి, యది తూర్పునకుఁ బాఱుచున్నదని నిశ్చయించెను. అతని గ్రంథమునకుఁ బటము వ్రాసినవాఁడు, బంగాళమున సర్వేయరు జనరలుగాఁ బనిచేసి హిందూదేశపటమువలనఁ బ్రఖ్యాతుఁడైన జేమ్సు రెన్నెల్. అతఁడు నదికి దక్షిణమునఁ గాంగు పర్వతపంక్తి యొకటి కలదని గీసి, నది ఖండమధ్యముననే యింకిపోవునని నిర్ణయించెను. లేని కొండలు కాగితముపై సముద్రమార్గమును మూసినవి. 1887–89 సంవత్సరములలో బింజే యను ఫ్రెంచివాఁడు సంచరించి యట్టి పర్వతములు లేవని చూపువఱకు నవి పటములందు నిలిచియుండెను. పార్కు 1805లో నలువదిమందికి మించిన యైరోపీయులతో మరలఁ బోయెను. వారిలోఁ బెక్కండ్రు నదిని జేరకమున్నే జ్వరములపాలైరి. నైజరే కాంగో యని నమ్మి దిగువకు సాగిన పార్కు 1806లో బూసాకడ నదిలోఁ బ్రాణములు విడిచెను.

ఇంతలో సముద్రతీరమున 15వ శతాబ్దాంతమునుండి యైరోపీయ వర్తకులు మడయడవుల నడుమనున్న పాయలలో మొదట బానిసలను, పిదపఁ బామాయిలును గొనుచునే యుండిరి. ఆ పాయలే నైజరు ముఖములని వారెఱుఁగరు. గ్రెనడా ద్వీపమునఁ జెఱకుతోఁట నడపిన జేమ్సు మెక్వీను, అచ్చటి మాండింకా బానిసల నడిగి తెలిసికొన్న సంగతులను గూడ నాధారముగాఁ గొని, నది గినీ సింధుశాఖలోఁ గలియునని 1821లో గ్రంథము వ్రాసెను. బానిసత్వమును సమర్థించిన యీతని వాదమునకు బానిసల మాటయే బలమగుట గమనింపఁదగినది. 1830లో లాండరు సోదరులు బూసానుండి దోనెలపై దిగి, త్రోవలో బందీలై, ఇగ్బో రాజు నొద్దకుఁ గొంపోఁబడిరి. బ్రాసు నాయకుఁడొకఁడు విడుదలధన మిచ్చి వారిని నవంబరులో సముద్రమునకుఁ జేర్చెను. వారు కనుఁగొన్నదని లోకము కొనియాడిన యా మార్గము, అతనికి నిత్యవర్తకమార్గము.

మార్గము తెలిసినను జ్వరములు తగ్గలేదు. 1832లో రెండు పొగయోడలపై వచ్చిన 48 మంది యైరోపీయులలోఁ దొమ్మండ్రే బ్రదికిరి. 1854లో బెయికీ క్వినైనును నియమముగా నిప్పింపఁగా నాతని యోడలో నొక్కఁడును చనిపోలేదు. పిదప వర్తకమును, దాని వెంట పరరాజ్యాధిపత్యమును లోనాటికిఁ బ్రవేశించినవి. 1886లో రాజశాసనము పొందిన రాయల్ నైజర్ కంపెనీ 1900 వఱకు దిగువ నదీప్రాంతము నేలెను.

1968లో ముగిసిన కైంజీ యానకట్ట వెనుక జలాశయమునఁ బార్కు మడిసిన బూసా మునిఁగిపోయినది. అన్వేషకుల చరిత్ర వ్రాయునపుడు వారి పేళ్ల ప్రక్కనే, త్రోవ చూపిన పడవవాండ్రను, ధనమిచ్చి విడిపించిన నాయకుని, ద్వీపాంతరమున నదిని జ్ఞాపకముంచుకొన్న బానిసలను గూడఁ జేర్చుట చరిత్రకారుల విధి.