అదే అచ్చు, నల్ల రంగు

నకానో స్టేషన్ ఉత్తర ద్వారం దాటగానే కప్పు వేసిన బజారు మొదలవుతుంది. ఆదివారం మధ్యాహ్నం టోక్యో సగం ఇక్కడే ఉందా అనిపించేంత జనం. పక్కకు చూడకుండా నేరుగా నడవండి. బజారు అయిపోయిందని మీరు గమనించేలోపే నకానో బ్రాడ్‌వే అనే దుకాణాల సముదాయం లోపల ఉంటారు. 1966 నాటి కట్టడం. ఎదురుగా కనిపించే ఎస్కలేటర్ ఎక్కితే రెండో అంతస్తు ఊసే లేకుండా తిన్నగా మూడో అంతస్తులో దింపుతుంది. మనక్కావలసింది అదే.

ఇరుకైన నడవా. తక్కువ ఎత్తు కప్పు, ట్యూబ్‌లైట్లు, రెండు పక్కలా గాజు బీరువాలు. పాత అట్టపెట్టెల వాసన. ఓ మలుపు దగ్గర మీరు ఆగిపోతారు. పై అరలో విమానాలుగా మారే ముగ్గురు బొమ్మ రోబోలు వరసగా నిలబడి ఉన్నారు: బూడిద రంగు స్టార్‌స్క్రీమ్, నల్లటి స్కైవార్ప్, నీలం థండర్‌క్రాకర్. ముఖం ఒకటే, భుజాలు ఒకటే, వీపున రెక్కలూ ఒకటే. 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో హాస్‌బ్రో కంపెనీ అమెరికా దుకాణాల్లో పెట్టినప్పుడు కూడా ఈ ముగ్గురూ ఒకే అచ్చులో పుట్టినవాళ్లే. ఆ అచ్చు జపాన్ కంపెనీ టకారాది, 1980లో మొదలైన డయాక్లోన్ వరుస కోసం చేసుకున్నది. ఒక ఉక్కు అచ్చు తయారీకి అయ్యే ఖర్చుతో పోలిస్తే అందులో పోసే ప్లాస్టిక్ రంగు మార్చడం ఎంత చవకో చెప్పక్కర్లేదు. రంగు మారింది, పేరు మారింది, అమ్మకం మూడింతలయ్యే దారి దొరికింది. పిల్లలు మోసపోయామని అనుకోలేదు. నల్లవాడు మాయమై మరోచోట తేలే రకమని, బూడిదవాడు సొంత నాయకుడికే గోతులు తవ్వే రకమని అదే పేరుతో వచ్చిన కార్టూన్ చూసి నమ్మేశారు.

అరలో ఉన్నవి మాత్రం ఆనాటివి కావు. పెద్దవాళ్లు కొనుక్కునే మాస్టర్‌పీస్ వరుసలోవి. స్టార్‌స్క్రీమ్ 2006లో, స్కైవార్ప్ 2007లో, థండర్‌క్రాకర్ 2008లో వచ్చాయి. మాక్రాస్ కార్టూన్‌లో రోబోగా మారే వాల్కిరీ విమానాన్ని సృష్టించిన షోజీ కవామోరి చేయి పడిన డిజైన్ ఇది.

దుకాణం అబ్బాయిని పిలిచి నల్లదాన్ని చూపించండి. తాళం తీసి, రెండు చేతులతో దించి, కౌంటర్ మీద మెత్తటి గుడ్డ పరిచి పెడతాడు. పక్కనే బూడిదదాన్ని కూడా పెట్టమని అడగండి. ఒక్కదాన్నే చూస్తే ఈ బొమ్మ సంగతి సగమే తెలుస్తుంది.

ముందు రెంటినీ విమానాలుగా మార్చి చూడండి. ఎఫ్-15 ఈగిల్: రెండు ఇంజన్లు, రెండు నిలువు తోకలు. ఈ రూపంలో గెలుపు బూడిదదే, అందులో నాకు అనుమానం లేదు. నిజం యుద్ధవిమానంలాంటి మసక ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. కార్టూన్ అభిమానులు దీన్ని బాగా తిట్టారు గానీ, రెక్క మీద సన్నగా చెక్కిన ప్రతి గీతా ఆ రంగులోనే పలుకుతుంది. నల్లదాని మీద అవే గీతలను వేలితో తడిమి చూసుకోవాలి. అంత పనితనాన్ని నలుపు మింగేసింది. పైగా మీరు ముట్టుకున్న చోటల్లా వేలిముద్ర. ముక్కు దగ్గర ఒకటి, ఎడమ రెక్క మీద రెండు, అప్పుడే.

నల్ల ఎఫ్-15 ఏమిటి, ఎబ్బెట్టుగా ఉందంటారా? జపాన్ వాయుసేనలోనే శత్రువు పాత్ర వేసే దళం ఒకటుంది. శిక్షణలో ఎదుటివాళ్లు చప్పున గుర్తుపట్టేలా తమ ఎఫ్-15లకు గోధుమ, ఆకుపచ్చ, నలుపు పట్టీలు చిత్రవిచిత్రంగా పులుముకుంటుంది. ప్రతినాయకుడి వేషానికి రంగు వేసుకోవడం బొమ్మల కంపెనీ కనిపెట్టిందేమీ కాదు.

ఇప్పుడు నల్లదాన్ని మళ్లీ రోబోగా మార్చండి. తొందర వద్దు. వెనక ఇంజన్లు రెండూ కిందికి దిగి కాళ్లవుతాయి. కీలు టకటకమంటుంది. ఆ శబ్దం గట్టిగా, ఒకే తీరుగా రావాలి. ఎక్కడైనా నీరసంగా పలికితే ఆ కాలు బరువు మోయదు. అచ్చు ఒకటే అయినంత మాత్రాన కీళ్ల బిగువు ఒకటి కాదు, రెండో బొమ్మను చూసి మూడోదాన్ని కళ్లు మూసుకుని కొనకూడదు. ముక్కు మడవండి. కాక్‌పిట్ ఛాతీ మీదికి వస్తుంది, తల పైకి లేస్తుంది. మధ్యలో ఒకచోట రెండు పలకలు ఒకదానికొకటి అడ్డం పడతాయి. బలం వాడకండి, ముందు పైదాన్ని తప్పించండి. ముదురు రంగు ప్లాస్టిక్ ఒత్తిడికి లోనైతే వంగినచోట తెల్లటి చార పడుతుంది, అది మళ్లీ పోదు. పాత బొమ్మ కొనేటప్పుడు మొదట వెతకాల్సింది ఆ చారల కోసమే.

రోబో నిలబడ్డాడు. జానెడు దాటిన ఎత్తు, కాళ్ల మధ్య ఎడం, భుజాల మీద ఫిరంగులు. బూడిదవాణ్నీ అలాగే మార్చి పక్కన నిలబెట్టి ఒక అడుగు వెనక్కి జరగండి.

కనిపిస్తోందా? ఈ అచ్చుకు పుట్టుకతోనే ఒక లోపముంది. విమానంలోంచి మిగిలిన పలకలు నడుముకు అటూ ఇటూ వేలాడతాయి. బూడిదవాడి మీద అవి లుంగీ ఎగగట్టినట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నల్లవాడి మీద అవే పలకలు, అంతే సైజు, అదే చోట. కానీ కన్ను వాటి దగ్గర ఆగదు. నలుపులో నలుపు కలిసిపోయి నడుము సన్నబడింది, ఛాతీ విప్పారింది. అంచుల్లో పలికే ఊదా రంగు చూపును పైకి, రెక్కల వైపు లాక్కుపోతుంది. విమానంగా ఉన్నప్పుడు పనితనాన్ని మింగిన ఆ రంగే రోబోగా మారాక తప్పును కూడా మింగింది. 2012లో ఇదే మాస్టర్‌పీస్ వరుసలో కొత్త స్టార్‌స్క్రీమ్ వచ్చినప్పుడు ఆ వేలాడే ముక్కల సంగతి చూడటానికి అచ్చునే సవరించాల్సి వచ్చింది. ఇక్కడేమో అంతకు ఐదేళ్ల ముందే, ఉక్కు ముట్టుకోకుండా, ఒక్క రంగు ఆ పని ముప్పాతిక వంతు చేసిపెట్టింది.

రంగు మార్చిన బొమ్మలంటే డబ్బు గుంజే ఎత్తు అనే మాట సేకర్తల నోట తరచూ వినిపిస్తుంది. చాలావాటి విషయంలో నిజమే. మూడోది, నీలం థండర్‌క్రాకర్‌ను దించమని నేను అడగమనలేదు, చూశారా? ఆ నీలం గీతలను బూడిదలా పలికించదు, పలకలను నలుపులా దాచదు. ముగ్గురినీ ఒక అరలో నిలబెట్టాలనే పట్టుదల ఉంటే తప్ప దానికి నేను సొమ్ము పెట్టను.

పిడికిలి మూస్తూ తెరుస్తూ ఒకసారి చూడండి. ఫిరంగులు లాగి మళ్లీ బిగించండి. నిలువు తోకల చివర్లు విరిగాయేమో, రెక్క మూలల్లో ఊదా పెయింటు రాలిందేమో లైటు కింద తిప్పి చూడండి. పెట్టెకు అంటించిన చీటీ మీద మూల నలిగిందని రాసి ఉంది, ధర అందుకే కొంచెం తగ్గింది. బొమ్మతో ఆడుకునేవాళ్లకు నలిగిన మూలతో పనేముంది, అద్దాల వెనక దాచేవాళ్లకు గానీ. స్టాండు, కాగితాలు అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి.

అబ్బాయి రెండు రోబోల వైపూ చూపించి ఏది కావాలన్నట్టు కనుబొమలెగరేస్తాడు. ఇంట్లో దీన్ని విమానంగా ఉంచేవాళ్లయితే బూడిదది తీసుకోండి. రోబోగా నిలబెట్టేవాళ్లయితే నల్లది, తుడవడానికి ఒక మెత్తటి గుడ్డ కూడా.