మాంసమా, శాకమా, తవుడా?



గత వేసవిలో ఒకనాటి సాయంకాలము మా గ్రామపు రచ్చబండకడ పెద్దలు పదిమంది కూడి ఒక అర్జీ వ్రాసిరి. పాఠశాలలో మధ్యాహ్నభోజనముతో పిల్లలకు పెట్టు కోడిగ్రుడ్డును మాన్పింపవలెనని అందలి కోరిక. శాకాహారమే ఆరోగ్యమునకు మూలమనియు, మాంసాహారము సర్వరోగములకును కారణమనియు అందు హేతువు చూపబడెను. "పంతులుగారూ, తమ చేవ్రాలు ముందుండిన అర్జీకి బరువు కలుగును" అని ఆ కాగితమును నా చేతికిచ్చిరి.

నేను పుట్టుకచేత శాకాహారిని. ముప్పది సంవత్సరములకు పైగా బడిపంతులుగా నుండి, ఆ అర్జీలో నున్న మాటనే తరగతిలో పలుమార్లు చెప్పినవాడను. అయినను కలము చేతబట్టగానే ఒక సందేహము కలిగినది. ఈ మాటను నేనెవరివలన నేర్చితిని? దీనిని పరీక్షించి చూచినవారెవరు? పెద్దలను వారము దినములు గడువడిగి ఇల్లు చేరితిని. ఆ వారమునను, అటుపిమ్మటను నేను చదివి తెలిసికొన్న చరిత్రనే నేడు మీకు మనవి చేయుచున్నాను. జీవహింస తగునా తగదా యనునది ధర్మవిచారము. దానిని నేనిప్పుడు ముట్టను. ఆరోగ్యమను ఒక్క విషయమే నా ప్రసంగమునకు ఎల్ల.

మొట్టమొదట నాకు పరిచితములైన గ్రంథములనే తెరచితిని. చరకసంహితలో సూత్రస్థానమున అన్నపానవిధి యను అధ్యాయము కలదు. అందు ఆహారద్రవ్యములు పండ్రెండు వర్గములుగా విభజింపబడినవి. శాకవర్గమున్నది, ఫలవర్గమున్నది, గోరసవర్గమున్నది, మాంసవర్గమును ఉన్నది. క్షీణించిన రోగికి మాంసరసము బలకరమని ఆ శాస్త్రము విధించుచున్నది. మన పూర్వవైద్యులు ఈ తగవును ఒక్క మాటతో తేల్చలేదని అప్పుడు తెలిసికొంటిని.

పిమ్మట దేశాంతరముల చరిత్రను చూచితిని. ఒక జాతి భోజనమునంతయు ఒక్కమారుగా మార్చి ఫలమెట్లుండునో చూచుట వైద్యులకు సాధ్యము కాదు. యుద్ధములో ముట్టడికి లోబడిన దేశమునందును, నెలల తరబడి సముద్రముమీద తిరుగు ఓడయందును మాత్రము అట్టి పరీక్ష జరుగుటకు వీలున్నది. అట్టివి రెండు జరిగినవి. చిత్రమేమనగా, అవి రెండును ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడును.

మొదటిది ఐరోపాఖండమునందలి డెన్మార్కు దేశమున జరిగినది. మొదటి ప్రపంచయుద్ధములో ఆ దేశము తటస్థముగా నుండెను. అది పాడిపంటల దేశము. వెన్నను, పందిమాంసమును పరదేశములకమ్మి బ్రతుకునది. పశువులకును పందులకును వేయు మేత మాత్రము చాలవరకు సముద్రముమీదుగా రావలెను. 1917వ సంవత్సరమున జర్మనీవారి జలాంతర్గాములు ఓడలను విచ్చలవిడిగా ముంచుటచేతను, అమెరికా యుద్ధమున దిగుటచేతను ఆ రాక నిలిచిపోయెను. ఉన్న ధాన్యము పందులకు పెట్టుటా, మనుష్యులకు పెట్టుటా యను ప్రశ్న పుట్టెను.

ఆ దేశప్రభుత్వమునకు ఆలోచన చెప్పినవారిలో మిక్కెల్ హిండ్‌హేడె యను వైద్యుడు ముఖ్యుడు. ఆయన యుద్ధమునకు ముందే ఆహారపరిశోధనశాలను నడుపుచు, బంగాళాదుంపలును కొలదిపాటి క్రొవ్వును మాత్రమే తిని మనుష్యుడు చిరకాలము ఆరోగ్యముతో ఉండగలడని ప్రయోగపూర్వకముగా చూపియుండెను. పందికి వేసిన ధాన్యములో కొద్దిభాగమే మాంసరూపమున మనకు తిరిగి వచ్చుననియు, ఆ ధాన్యమును మనుష్యులే తినినచో కరవు రాదనియు ఆయన వాదము. ఆ మాట ప్రకారము పందులలో అధికభాగమును, ఆవులలో కొంతభాగమును తగ్గించిరి. తవుడు తీయని పిండితో చేసిన రొట్టె, యవల జావ, బంగాళాదుంపలు, కాయగూరలు, పాలు, కొంచెము వెన్న — ఇదియే పట్టణవాసుల భోజనమయ్యెను. పందిమాంసము దొరకుట అరుదయ్యెను. గోమాంసము ధనికులకు గాని అందదయ్యెను.

ఫలమేమి? 1917 అక్టోబరు మొదలు 1918 అక్టోబరు వరకు గల సంవత్సరమున దేశమునందు మరణములు వేయింటికి 10.4కు దిగెననియు, అంతకుముందెన్నడును 12.5కంటె తగ్గలేదనియు హిండ్‌హేడె లెక్కచూపెను. అదే యుద్ధకాలమున పొరుగుననున్న జర్మనీ పట్టణములలో ప్రజలు ఆకలికి మాడుచుండిరి. శాకాహారపక్షమువారికి ఇంతకన్న గొప్ప సాక్ష్యము వేరొకటి లేదని తోచును. నేనును ఇంతవరకు చదివి, అర్జీమీద చేవ్రాలు చేయుటకు సిద్ధపడితిని.

కాని న్యాయాధిపతి యొక్క సాక్షి మాటతో తీర్పు చెప్పడు. ఆ సంవత్సరముననే డెన్మార్కు ప్రభుత్వము ధాన్యమును పొదుపు చేయుటకై సారాయిమీద గొప్ప పన్ను వేసెను. సారాయి వెల పది రెట్లకు మించి పెరిగెను, త్రాగుడు తగ్గిపోయెను. కావున జనులను బ్రతికించినది మాంసము మానుటయా, సారాయి మానుటయా, తవుడుతోడి రొట్టె తినుటయా? మూడును ఒక్కమారే జరిగినందున విడదీసి చెప్పుట కష్టము.

ఇక రెండవ సాక్షిని విందము. ఇది జపానుదేశపు నౌకాసైన్యము. 1880 ప్రాంతమున ఆ సైన్యమును బెరిబెరి యను వ్యాధి పీడించుచుండెను. కాళ్ళు తిమ్మిరెక్కును, నీరుపట్టి ఉబ్బును, తుదకు గుండె నిలిచి రోగి చనిపోవును. 1882 చివర రియూజో యను యుద్ధనౌక 376 మందితో దూరప్రయాణమునకు బయలుదేరెను. ఆ ప్రయాణములో 169 మందికి బెరిబెరి తగిలెను. 25 మంది చనిపోయిరి. వారి ముఖ్యాహారము మరపట్టిన తెల్లని బియ్యము.

లండనులో వైద్యము చదివివచ్చిన తకకి కనెహిరో యను నౌకావైద్యుడు దీనికి భోజనమే కారణమని నమ్మెను. 1884లో త్సుకుబా యను మరియొక నౌకను అదే మార్గమున పంపించి, నావికులకు మాంసము, పాలు, రొట్టె, యవలు పెట్టించెను. ఈమారు వ్యాధి తగిలినవారు 14 మంది మాత్రమే, ఒక్కరును చావలేదు. అన్నములో మాంసకృత్తులు చాలకపోవుటయే రోగకారణమని తకకి నిశ్చయించెను. భూసైన్యమువారు ఆయన మాట చెవిని పెట్టక తెల్లని బియ్యమునే నమ్ముకొనిరి. 1904, 1905 సంవత్సరములలో రష్యాతో జరిగిన యుద్ధమున ఆ సైన్యములో 27,000 మంది వరకు బెరిబెరితో చనిపోయిరని చెప్పుదురు.

చూచితిరా! డెన్మార్కు సాక్షి మాంసము మానిన బ్రతికితిమనుచున్నాడు. జపాను సాక్షి మాంసము తిని బ్రతికితిమనుచున్నాడు. ఇద్దరును అబద్ధమాడువారు కారు. మరి చిక్కెక్కడ ఉన్నది?

ఆ చిక్కును విప్పినవి జావాద్వీపపు కోళ్ళు. ఐక్మన్ అను డచ్చి వైద్యుడు అచ్చట బెరిబెరిని పరిశోధించుచుండగా, ఆయన పెంచుకొన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయెను. కొంతకాలమునకు అవియే తేరుకొనెను. విచారింపగా, నడుమ కొన్ని నెలలు వానికి సైనికుల వైద్యశాలనుండి మిగిలిన తెల్లని అన్నము పెట్టిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నము కోళ్ళకేమిటని నిలిపివేసెననియు తెలిసెను. తవుడు పెట్టిన కోళ్ళు బాగుపడుచుండెను. పిదప వోర్డర్మన్ అను వైద్యాధికారి జావాలోని సుమారు నూరు చెరసాలలను పరిశీలించెను. తెల్లని బియ్యము తిన్న ఖైదీలలో ముప్పదితొమ్మిదిమందికి ఒకడు రోగపీడితుడు. తవుడు తీయని బియ్యము తిన్నవారిలో పదివేలమందికి ఒక్కడు.

తెల్లని అన్నములో ఏదో విషమున్నదని ఐక్మన్ మొదట భ్రమించెను. విషము కాదు, తవుడులో ఉండవలసిన ఒక పదార్థము లోపించుటయే కారణమని ఆయన తరువాత వచ్చిన గ్రైన్స్ 1901లో సరిదిద్దెను. 1926లో ఆ పదార్థమును వేరుచేసిరి. దానినే థయమిన్ లేక బి1 విటమిన్ అందురు. తకకి ఓడలో మాంసము, యవలు, రొట్టె కలిసి ఆ లోపమును పూరించినవి. డెన్మార్కులో తవుడుతోడి రొట్టె మాంసము లేకయే దానిని సమకూర్చినది. మనము మాంసము, శాకము అని తగవులాడుచుండగా తవుడు ప్రక్కన నిలిచి నవ్వుచున్నది.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. మన ఉత్తరసర్కారు జిల్లాలలో పూర్వము బెరిబెరి ప్రబలముగా నుండెను. తమిళదేశమున ఉప్పుడు బియ్యము తినువారికి ఆ బాధ అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఉడికించునప్పుడు తవుడులోని సారము గింజలోనికి దిగును. మరపట్టినను అంతయు పోదు. మనవారు పచ్చిబియ్యమును మరపట్టించి, మరల మరల కడిగి, గంజి వార్చి తినుచుండిరి. తవుడు పశువులకు, కడుగునీళ్ళు కుడితికి, గంజి కాలువకు పోగా మిగిలిన పిప్పియే మన పళ్ళెమునకు వచ్చెను. ఈ వ్యాధిని పరిశోధించుటకై 1918లో మెకారిసన్ దొర కూనూరున చిన్నగదిలో ప్రారంభించిన పనియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర వెలయుచున్నది.

నా బాల్యమున మా ఇంటి వసారాలో రోలును రోకలియు ఉండెను. దంపుడు బియ్యము ఎఱ్ఱగా నుండి త్వరగా ముక్కిపోవునని దానిని మాని, మల్లెపూవువంటి బియ్యము తెచ్చుట గౌరవమనుకొంటిమి. శాకాహారులమని మేము గర్వించుచుండగా, మా పళ్ళెమున శాకము వ్రేలెడు, తెల్లని అన్నము గంపెడు.

అట్లని మాంసమును గూర్చి చెప్పవలసినది ఏమియు లేదని తలపకుడు. రక్తమునకు రెండు విటమినులు కావలెను. ఒకటి ఫోలిక్ ఆమ్లము; ఆకు అను అర్థముగల లాటిను పదమునుండి దానికా పేరు కలిగెను; ఆకుకూరలలో ఉన్నది. 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. రెండవది బి12, 1948లో, సుబ్బారావుగారు స్వర్గస్థులైన ఏటనే, దానిని వేరుచేసిరి. దానిని చెట్లు పుట్టింపవు; సూక్ష్మజీవులు పుట్టించును. మాంసము, చేప, గ్రుడ్డు, పాలు వీనివలననే అది సాధారణముగా మనకు వచ్చును.

మూడేండ్ల క్రిందట నా అరికాళ్ళు తిమ్మిరెక్కి, చీకటిలో నడచునప్పుడు తూలుచుంటిని. వైద్యుడు రక్తము పరీక్షించి బి12 మిక్కిలి తక్కువగా ఉన్నదనెను. పెరుగు మాని పలుచని మజ్జిగతో కాలము పుచ్చుటయు, వయస్సుచేత జీర్ణశక్తి తగ్గుటయు కారణములు. సూదిమందులతో తేరుకొంటిని.

ఆ దినములలో ఒక బాలుడు నాకు జ్ఞప్తికి వచ్చెను. చాల ఏండ్ల క్రిందట చేపలు పట్టువారి బిడ్డ ఒకడు బడికి ఎండుచేపల కూర తెచ్చుకొనగా, అది తినిన బుద్ధి మందగించునని అందరి యెదుట నేను పలికితిని. మరునాటినుండి వాడు బడిలో అన్నము విప్పలేదు. సాయంకాలము వరకు ఆకలితో కూర్చుండెడివాడు. నా మాటకు ఆనాడు ప్రమాణము లేదు, ఈనాడును లేదు. వాని కూరలో నాకు కొరవడిన విటమిన్ ఉన్నది. ఆ బాలుని క్షమాపణ వేడుటకు నాకు అవకాశము కలుగలేదు; కావుననే ఈ మాటను మీ యెదుట చెప్పుచున్నాను.

నేటి పరిశోధనలును ఏకపక్షముగా లేవు. ఉప్పువేసి, పొగపెట్టి, మందులు కలిపి నిలువచేసిన మాంసము క్యాన్సరునకు కారణమగునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనమండలి 2015లో తేల్చెను. మేక, పశువు, పంది మొదలగు వాని ఎఱ్ఱని మాంసము కారణము కావచ్చుననెను. ఇంగ్లాండులో ఆక్స్‌ఫర్డు పండితులు సుమారు 48,000 మందిని పదునెనిమిదేండ్లు గమనించి 2019లో ఫలితములు ప్రకటించిరి. శాకాహారులలో గుండెకు రక్తము అందక కలుగు జబ్బు నూటికి 22 వంతులు తక్కువ. మెదడునకు వచ్చు పక్షవాతము మాత్రము నూటికి 20 వంతులు ఎక్కువ. కావున మాంసమును మితిమీరి తినువారికి కాయధాన్యములు, కూరలు పెంచుట మేలనుట సత్యము. శాకాహారమను పేరు పెట్టుకొన్నంత మాత్రమున ఆరోగ్యము కలుగదనుటయు సత్యమే.

గ్రామపెద్దలారా, మీ యిండ్ల భోజనమునకు మీరే యజమానులు. మాంసము తినువారు మితముగా తినుడు. చేపను, గ్రుడ్డును నిలువచేసిన మాంసముతో జతకట్టి నిందింపకుడు. తినని నావంటివారు పాలు పెరుగులను విడువకుడు. అరువదేండ్లు దాటిన పిమ్మట తిమ్మిరి తూలుడు కలిగినచో రక్తపరీక్ష చేయించుకొనుడు. ఇద్దరును బియ్యమును తక్కువగా తెలుపు పట్టించుడు, ఒక్కమారు కడుగుడు, గంజి వార్చకుడు. రాగులు, జొన్నలు, పప్పులు, ఆకుకూరలు పళ్ళెమునకు మరల రానిండు.

వారము గడచిన పిమ్మట అర్జీని చేవ్రాలు చేయకయే తిరిగి ఇచ్చితిని. గ్రుడ్డు తినని బిడ్డకు దానికి సరియైన వేరొక ఆహారము పెట్టవలెననియు, తిను బిడ్డ పళ్ళెమునుండి దానిని తీయుటకు మనకు శాస్త్రము లేదనియు చెప్పితిని. పెద్దలలో కొందరు కోపించిరి; కొందరు ఆలోచించిరి. అర్జీ నేటివరకు రచ్చబండ దాటిపోలేదు. బడిపిల్లలు వరుసగా కూర్చుండి, ఒకరు గ్రుడ్డుతోను, ఒకరు పప్పుతోను అన్నము తినుచున్నారు. మొన్న ఆ వరుస వెంట నడచి చూచితిని. అన్నము మాత్రము ఇంకను మల్లెపూవువలె తెల్లగానే యున్నది. ఇక వ్రాయవలసిన అర్జీ దానిని గూర్చియే. దానికి మొదటి చేవ్రాలు నాది. సెలవు.