కాస్: కలప మిల్లు పోయినా రైలు మిగిలింది

వెస్ట్ వర్జీనియా కొండల్లో, గ్రీన్‌బ్రయర్ నది ఒడ్డున కాస్ అనే చిన్న ఊరు ఉంది. 1901లో ఒక కాగితం కంపెనీ కట్టిన ఊరు అది. కంపెనీ పెద్దల్లో ఒకరైన జోసెఫ్ కాస్ పేరే ఊరికి పెట్టారు. ఇళ్ళు కంపెనీవి, కొట్టు కంపెనీది, రంపపు మిల్లు కంపెనీది. అలాంటి ఊళ్ళో పని పోతే ఇల్లూ పోయినట్టే.

కలప అంటే కోతకు పనికొచ్చే చెక్క. మనవైపు దాన్ని అమ్మే చోటును అడితి అంటారు. చాలా మంచి మాట, గుర్తుపెట్టుకోండి.

కాస్‌కు కావలసిన స్ప్రూస్ చెట్లు కొండ మీద ఉండేవి, మిల్లు కింద ఉండేది. దారి ఎంత ఏటవాలు అంటే, కొన్నిచోట్ల వంద అడుగులు ముందుకు వెళ్తే 11 అడుగులు పైకి ఎక్కాలి. మామూలు ఇంజను వల్ల కాదు. అందుకే షే ఇంజన్లు తెచ్చారు. వీటికి పక్కన పొడుగ్గా ఒక ఇరుసు ఉంటుంది. అది పళ్ళచక్రాలతో అన్ని చక్రాలనూ తిప్పుతుంది. మెల్లగా వెళ్తాయి కానీ జారవు. మలుపు తిరగడానికి చోటు లేని దగ్గర రైలు కాసేపు ముందుకు, కాసేపు వెనక్కి నడుస్తూ కొండెక్కుతుంది. డార్జిలింగ్ రైలు ఎక్కినవాళ్ళకి ఇది తెలుసు.

కొండ మీద, దాదాపు 3,850 అడుగుల ఎత్తులో, స్ప్రూస్ అనే ఇంకో ఊరు ఉండేది. రోడ్డు లేదు, రైలే దారి. అక్కడ దుంగల బెరడు తీసి వర్జీనియాలోని కాగితం మిల్లుకు పంపేవారు. మంచి చెట్లు అయిపోయాయి, ఊరూ ఖాళీ అయింది. ఇప్పుడు పునాదులే కనిపిస్తాయి. కాస్ గురించి చెప్పేవాళ్ళు దీన్ని ఒక్క ముక్కలో దాటేస్తారు. నాకది నచ్చదు. అక్కడ కూడా జనం కాపురాలు చేశారు కదా!

కాస్‌కూ అదే గతి పట్టేది. 1942లో మిల్లు చేతులు మారింది, 1960లో మూతపడింది. ఇంజన్లను, పట్టాలను తుక్కు కింద అమ్మేయబోయారు. అప్పుడు రసెల్ బామ్ అనే రైళ్ళ పిచ్చాయన రాష్ట్ర ప్రభుత్వం వెంటపడ్డాడు. ఆయన పెన్సిల్వేనియా మనిషి, ఈ ఊరివాడు కూడా కాదు. 1961లో ప్రభుత్వం రైలును కొన్నది. 1963 నుంచి దుంగల బదులు జనం ఎక్కుతున్నారు. కంపెనీ ఇళ్ళలో ఇప్పుడు యాత్రికులు దిగుతున్నారు.

రంపపు మిల్లు 1982లో కాలిపోయింది. 1905లో తయారైన అయిదో నంబరు ఇంజను మాత్రం ఇంకా ఆ కొండ ఎక్కుతూనే ఉంది.