మాండొలిను, గిటారు, గురుకంఠము

వాద్యమునకు దేశము కలదా? పరదేశమున పుట్టిన వాద్యమున మన రాగము పలుకునా? పలికినచో ఆ ఘనత వాద్యమునదా, వాయించిన వానిదా, నేర్పిన వానిదా? ఈ ప్రశ్నలను నేడు ఇద్దరు కళావేత్తల చరిత్రములను బట్టి విచారింప దలచితిని. ఒకరు ఇంగ్లండు దేశీయులు, జాజ్ సంగీతమున గిటారు విద్వాంసులుగా లోకప్రసిద్ధులు, జాన్ మెక్‌లాఫ్లిన్ గారు. రెండవవారు మన పాలకొల్లున జన్మించిన మాండొలిను శ్రీనివాస్ గారు.

సంగీతమున నేను శ్రోతను మాత్రమే. తెలుగు పండితుడనై పల్లెటూరి బడులలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. ఐనను ఈ విషయము నాకు వట్టి పాండిత్యప్రసంగము గాదు. నా తప్పొకటి ఇందు ఇమిడియున్నది. దానిని మొదటనే చెప్పుట మర్యాద.

మాది తలుపుల. కదిరికిని పులివెందులకును నడుమనున్న ఊరు. మా చిన్ననాట సంగీతమనగా కదిరి నరసింహస్వామి ఉత్సవమున నాదస్వరము, భజనమందిరమున తాళములు, పద్యనాటకమున హార్మోనియము. అంతకు మించి ఎరుగము. నేను పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవమునాడు ఒక బాలుడు పాత గిటారు నొకదానిని తెచ్చి, దానిపై ప్రార్థనగీతము వాయింతునని అడిగెను. నేను వలదంటిని. "అది మెట్ల వాద్యము నాయనా, దానిపై గమకము పలుకదు" అని శాస్త్రము చెప్పితిని. వాడు నెమ్మదిగా, "వీణకును మెట్లున్నవి గదా అయ్యవారూ" అనెను. నాకు బదులు తోచలేదు. తోచకున్నను అనుమతి నీయనైతిని. ఆ బాలుడు మరల ఎన్నడును గిటారును బడికి తేలేదు.

ఆనాటి నా మాటకు ఆధారమైన భావము నా ఒక్కనిదే కాదు. మన సంగీతచరిత్రలో అది పలుమారులు తలయెత్తినది. వయొలిను ఐరోపా వాద్యము. ముత్తుస్వామి దీక్షితుల వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమునకు అలవరచిన తొలివారిలో ముఖ్యులు. కాలక్రమమున అది కచేరికి విడరాని తోడైనది. విజయనగరము మహారాజావారి సంగీత కళాశాలలో 1919 నుండి ఆచార్యత్వము నెరపి, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడు గారి ఫిడేలు విన్నవారికి అది పరదేశపు వాద్యమను తలంపే కలుగలేదు. హార్మోనియము గతి వేరు. మా పద్యనాటకమునకు ప్రాణమైన ఆ పెట్టెను 1940లో ఆకాశవాణివారే నిషేధించిరి. మీట నొక్కినచో ఒకే స్వరము కదలక పలుకును, స్వరమునుండి స్వరమునకు జారుట దానికి రాదు అనునది నాటి పండితుల ఆక్షేపణ. 1970 దశకమునకు గాని ఆ కట్టడి సడలలేదు.

కావున ప్రశ్న దేశమును గూర్చినది గాదు, గమకమును గూర్చినది. వయొలినుకు మెట్లు లేవు. వ్రేలు జారినకొలది స్వరము జారును. వీణకు మెట్లున్నను తీగను ప్రక్కకు లాగి స్వరమును ఊపవచ్చును. మాండొలిను మాట యేమి? దాని మెడ పొట్టి. మెట్లు దగ్గర దగ్గర. తీగలు జంటజంటలుగా బిగువుగా నుండును. మీటిన నాదము క్షణములో అణగిపోవును. అందుచేతనే దానిని వాయించువారు ఒకే స్వరమును వడివడిగా మీటుచుందురు. తోడిరాగమున గాంధారము ఒకచోట నిలువదు. రిషభమునుండి మధ్యమము దిక్కునకు ఊయలవలె ఊగుచుండవలెను. ఇట్టి పనికి మాండొలిను కంటె తగని వాద్యము వేరొకటి లేదని తోచును.

ఆ తగని వాద్యమును చేపట్టినవాడు ఆరేండ్ల బాలుడు. శ్రీనివాస్ గారు 1969 ఫిబ్రవరి 28న పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున జన్మించిరి. తండ్రి ఉప్పలపు సత్యనారాయణ గారు మాండొలిను వాద్యకారులు. తండ్రి వాద్యమును ముట్టుకొని తనంతట తాను వాయించుచున్న బిడ్డను, ఆ తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు చూచి శిష్యునిగా గైకొనిరి. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ గారి శిష్యులు, గాత్రజ్ఞులు.

శ్రోతలు గమనింపదగిన దిచటనే కలదు. సుబ్బరాజు గారికి మాండొలిను వాయించుట రాదు. వారు పాడెడివారు, బాలుడు విని, ఆ పాడినదానిని తీగలపై పలికించెడివాడు. ఏ వ్రేలు ఏ మెట్టుపై నుంచవలెనో చెప్పువారు లేరు. అట్లు చెప్పువారు ఉండియున్నచో వాద్యమునకు సులువైన మార్గమునే చెప్పియుందురేమో! గురుకంఠమునకు ఆ సులువు తెలియదు. అది కంఠమునకు సహజమైన మార్గముననే పోవును. శిష్యుడు తన వ్రేళ్ళను ఆ మార్గమునకు ఈడ్చుకొనిపోవలసినదే. వాద్యములోని లోపమును గురువు ఎరుగకపోవుటయే శిష్యునకు వరమైనది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున ఆ బాలుని తొలి కచేరి జరిగినది. 1981లో మదరాసు సంగీత సభలో డిసెంబరు కచేరి. తరువాత ఆయన జంటతీగలను తీసివేసి ఒంటితీగలు వేసికొనిరి. నాలుగింటికి ఐదవ తీగ చేర్చిరి. విద్యుత్సహాయమున నాదము నిలుచునట్టి మాండొలినును వాడిరి. ఒంటితీగ లాగుటకు లొంగును. నిలిచిన నాదము ఊగుటకు తావిచ్చును. ముందు చెవి, పిదప చేయి, చివర వాద్యము మారినవి. ఈ క్రమము తలక్రిందైనచో ఫలితము వేరుగా నుండెడిది.

ఇక సముద్రముల కావలికి పోదము. జాజ్ అనునది అమెరికా దక్షిణభాగమున న్యూ ఆర్లియన్సు మొదలగు పట్టణములలో 20వ శతాబ్ది తొలినాళ్ళలో నల్లజాతి వారి నడుమ రూపుదాల్చిన సంగీతము. అందును వాద్యకారుడు అప్పటికప్పుడు తన ఊహతో స్వరకల్పన చేయును. మన మనోధర్మమునకు అది దూరపు చుట్టము. కాని వారి కల్పన పలుస్వరములు ఒక్కసారి మ్రోయు స్వరమేళనముపై నడచును. మనది ఒకే స్వరధారగా రాగమున నడచును. మెక్‌లాఫ్లిన్ గారు 1942లో ఇంగ్లండున యార్కుషైరు ప్రాంతమున జన్మించిరి. మైల్సు డేవిస్ అను మహావాద్యకారునితో కలసి 1969లో ధ్వనిముద్రణములు చేసి ప్రసిద్ధికెక్కిరి. 1971లో తమ స్వంత బృందమును కూర్చుకొనిరి. అంతటి పేరు గడించిన పిదప, అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయమున ఎస్. రామనాథన్ గారి ఎదుట కూర్చుండి వీణ నేర్చుకొనిరి. పేరు వచ్చిన పిమ్మట మరల సరళీస్వరములకు వచ్చుట అందరికి చేతనైన పని గాదు.

ఆ విద్యాభ్యాసమునకు ఫలము 'శక్తి' అను బృందము. 1970 దశకమధ్యమున వయొలినుపై ఎల్. శంకర్, తబలాపై జాకీర్ హుసేన్, ఘటముపై వినాయకరామ్ గారలు ఆయనతో కలసిరి. ఆయన గిటారును చూడుడు: గిబ్సన్ కంపెనీవారు దానిని ప్రత్యేకముగా చేసిరి. మెట్టునకు మెట్టునకు నడుమ నున్న కఱ్ఱను లోతుగా తొలిపించిరి. వ్రేలికి కఱ్ఱ అడ్డురాదు గనుక తీగను వీణతీగవలె లాగవచ్చును. ప్రధానమైన తీగలకు అడ్డముగా మరి ఏడు తీగలు బిగించిరి. అవి మీటకయే అనునాదము నిచ్చును. పాలకొల్లు బాలుని మాండొలినుకును, యార్కుషైరు గిటారునకును వచ్చిన మార్పులు ఒకే అక్కరనుండి పుట్టినవి. ఒకరి నొకరు చూడకమునుపే ఇద్దరును గమకముకొరకు తమ వాద్యములను సవరించుకొనిరి.

1983లో బెర్లిను జాజ్ ఉత్సవమున శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతమునే వాయించిరి. 1997లో 'రిమెంబర్ శక్తి' అను పేర పాతబృందము మరల వెలసినది. కొలది కాలమునకే శ్రీనివాస్ గారు అందు చేరిరి. 2000లో వెలువడిన 'ది బిలీవర్' అను ధ్వనిముద్రికలో గిటారును మాండొలినును ప్రక్కప్రక్కన వినవచ్చును. ఒకరు పలికిన స్వరపంక్తిని రెండవవారు అందుకొని తమ త్రోవను సాగింతురు. మెక్‌లాఫ్లిన్ గారిది సూటియైన, వడిగల మీటు. ప్రతి స్వరము విడివిడిగా వినిపించును. శ్రీనివాస్ గారి స్వరములు అంతటి వేగమునను ఒకదానిలో నొకటి కరగును. ఎవరును ఎదుటివారి వేషము ధరింపలేదు. వారి మైత్రిలోని అందమదియే.

ఇద్దరును విద్యను దాచుకొనలేదు. శ్రీనివాస్ గారు తమ్ముడు రాజేశ్ గారికి నేర్పిరి. 2008లో వెలువడిన 'ఫ్లోటింగ్ పాయింట్' అను మెక్‌లాఫ్లిన్ గారి ధ్వనిముద్రికలో రాజేశ్ గారి మాండొలిను వినబడును. మెక్‌లాఫ్లిన్ గారు గిటారు పాఠములను దృశ్యముద్రికలుగా లోకమున కందించిరి. వానికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది వేరొకటి: వినాయకరామ్ గారి కుమారులు సెల్వగణేశ్ గారితో కూడి కొన్నక్కోలును, అనగా తకధిమి, తకజొణు మొదలగు సొల్లులను నోట పలుకు విద్యను, పాశ్చాత్య విద్యార్థులకు పాఠములుగా చెప్పిరి. గిటారు విద్వాంసుడు చేతికి ముందు నోటికి పాఠము చెప్పుచున్నారు. పాలకొల్లున సుబ్బరాజు గారు చేసినదియు నదియే గదా!

శ్రీనివాస్ గారిని నేను ఒకేమారు ప్రత్యక్షముగా వింటిని. ఆయన సత్యసాయిబాబా వారి భక్తులు. పుట్టపర్తికి వచ్చి వాయించుచుండెడివారు. నా బడిలోని ఆ సంఘటన జరిగిన కొన్ని ఏండ్లకు, కదిరి మీదుగా పోయి ఆ కచేరి వింటిని. ఎదురుగా నున్నది ఆటవస్తువంత చిన్న వాద్యము. ముఖమున చిరునగవు. తోడి ఆలాపన మొదలైనది. గాంధారము ఊగినది. ఇరుప్రక్కల జనము తలలూపుచుండగా నేను తలవంచుకొంటిని. నా చెవికి వినబడినది తోడి. నా మనస్సునకు వినబడినది మాత్రము "వీణకును మెట్లున్నవి గదా అయ్యవారూ" అను మాట.

2014 సెప్టెంబరు 19న, 45 ఏండ్ల వయస్సున శ్రీనివాస్ గారు చెన్నపట్టణమున కన్నుమూసిరి. 'శక్తి' బృందము 2023లో 'దిస్ మోమెంట్' అను ధ్వనిముద్రికను వెలువరించినది. దానికి మరుసటి యేడు గ్రామీ బహుమానము లభించినది. అందు మొదటి రచన పేరు 'శ్రీనీస్ డ్రీమ్', అనగా శ్రీని కన్న కల. 80 ఏండ్లు దాటిన ఆంగ్ల విద్వాంసుని బృందము పాలకొల్లు బాలుని పేరుతో తన సంగీతమును ఆరంభించినది. 2024 డిసెంబరులో జాకీర్ హుసేన్ గారును వెడలిపోయిరి. నాదము ముద్రికలలో నిలిచినది.

సంప్రదాయమును కాపాడవలెనను కోరిక మంచిదే. కాని దానిని వాద్యపు పెట్టె వద్ద కావలియుండి కాపాడలేము. అది గురువు కంఠముననుండి శిష్యుని చెవికి దిగునప్పుడు కాపాడబడును. ఆ చెవి సిద్ధమైనచో కఱ్ఱయు తీగయు లొంగివచ్చును. సిద్ధము కానిచో వీణయు మూగదియే. ఆనాడు ఆ బాలుని వారింపక, "నాయనా, ముందు నాతో కూడ పాడుము, పాడినదానిని పిదప తీగపై వెదకుము" అని యుండవలసినది. ఇప్పుడు నడివయస్సు వచ్చియుండును. ఈ ప్రసంగము ఎక్కడనైనను వాని చెవిని బడినచో, అయ్యవారి బదులు ఆలస్యముగా నైనను అందినదని తెలిసికొనును గాక.